వాచీ లోపలి చిన్న భాగాలను మాక్రో లెన్సుతో ఫొటో తీయడం: విప్పడం నుంచి తిరిగి సర్దడం దాకా

"మాక్రో లెన్సు కొన్నానండీ. వాచీ విప్పి తీస్తే చక్రాలు తెల్లగా వెలిగిపోతున్నాయి. ముందు పళ్లు తేటగా ఉంటే వెనక పళ్లు మసక. పైగా ఎక్కడ చూసినా దుమ్ము. లెన్సు మార్చాలా?" ఇలాంటి ప్రశ్నలు నాకు వారానికి రెండు మూడు వస్తున్నాయి. వాళ్లు పంపిన ఫొటోలు చూశాను. లెన్సు మార్చాల్సిన అవసరం ఒక్కరికి కూడా లేదు. తప్పంతా లైటులోను, దుమ్ములోను, బల్ల కదలడంలోను ఉంది. అందుకే ఆ మూడింటి గురించి ఎక్కువ రాస్తాను, మిగతావి త్వరగా ముగిస్తాను.

ఉదాహరణకు పాత హెచ్‌ఎంటీ జనతా తీసుకుందాం. కీ ఇచ్చే వాచీ, లోపల 17 రాళ్లు (అరుగుదల తగ్గించడానికి పెట్టే చిన్న కెంపులు). మన ఇళ్లలో బీరువా సొరుగులో ఇప్పటికీ దొరుకుతుంది. నేర్చుకోవడానికి ఆగిపోయిన వాచీ చాలు, నడుస్తున్నదాన్ని విప్పకండి.

1. ముందు సైజు లెక్క వేసుకోండి

1:1 అంటే వస్తువు ఎంత ఉందో సెన్సారు మీద బొమ్మ కూడా అంతే పడుతుందని అర్థం. ఏపీఎస్-సీ సెన్సారు సుమారు 23.5 × 15.6 మి.మీ. ఉంటుంది, ఫుల్ ఫ్రేమ్ 36 × 24 మి.మీ. కాబట్టి 1:1లో ఫ్రేములో పట్టేది అంతే.

మగవాళ్ల చేతి వాచీలో ఎస్కేప్ వీలు (ఒక్కో పన్ను చొప్పున ఆగుతూ తిరిగే చిన్న చక్రం) అడ్డంగా నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది. ఏపీఎస్-సీలో 1:1 దగ్గర అది ఫ్రేము ఎత్తులో మూడో వంతు కూడా ఉండదు. దాని 15 పళ్లూ విడివిడిగా, పెద్దగా కనబడాలంటే 2:1 దాకా, అంటే అసలు సైజుకు రెట్టింపు దాకా వెళ్లాలి.

అలా వెళ్లడానికి దారులు మూడు:

- 100 ఎంఎం మాక్రో వెనక ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్సును కెమెరా నుంచి దూరం జరిపే ఖాళీ గొట్టాలు). 12, 20, 36 ఎంఎం మూడూ కలిపితే 1.7 రెట్లు, కొన్ని లెన్సులతో ఇంకాస్త ఎక్కువ.
- లెన్సు ముందు క్లోజప్ అద్దం. రేనాక్స్ డీసీఆర్-250 పవరు +8. 100 ఎంఎం మాక్రోతో దాదాపు రెండు రెట్ల దాకా ఇస్తుంది.
- నేరుగా 2:1 ఇచ్చే మాక్రో లెన్సు.

డబ్బు లేదంటే మామూలు 50 ఎంఎం లెన్సు వెనక ఆ మూడు ట్యూబులూ పెట్టినా 1:1 దాటుతుంది. కానీ లెన్సు భాగానికి బాగా దగ్గరగా వచ్చేస్తుంది, లైటు పెట్టడానికి చోటు ఉండదు. 100 ఎంఎం మాక్రో మీద డబ్బు పెట్టమని నేను చెప్పేది ఈ ఒక్క కారణానికే. 1:1 దగ్గర కూడా ముందు 13 నుంచి 15 సెం.మీ. ఖాళీ మిగులుతుంది.

2. సామాను

కెమెరా, లెన్సు కాక:

- కాపీ స్టాండు, లేదా కెమెరాను కిందికి చూపిస్తూ గట్టిగా పట్టే ట్రైపాడ్
- స్క్రూ తిప్పితే జరిగే మాక్రో రెయిలు (కెమెరాలో ఫోకస్ బ్రాకెటింగ్, అంటే ఫోకస్ తానే కొద్దికొద్దిగా జరుపుతూ వరసగా ఫొటోలు తీసే ఏర్పాటు, ఉంటే ఇది లేకపోయినా ఫర్వాలేదు)
- రెండు ఎల్‌ఈడీ లైట్లు, సీఆర్‌ఐ (రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే సంఖ్య) 95 పైన ఉన్నవి
- స్టేషనరీ షాపులో బటర్ పేపరు, తెల్ల డ్రాయింగు షీటు, నల్ల చార్టు
- అర చెయ్యంత గాజు ముక్క, గ్రే కార్డు (రంగు సరిచూసే బూడిద రంగు అట్ట), చిన్న అద్దం ముక్క
- రబ్బరు బ్లోయరు
- వాచీ మెకానిక్‌లు వాడే ఆకుపచ్చ ముద్ద, రోడికో
- ఇత్తడి మొన ఉన్న ట్వీజర్, వేలి తొడుగులు, సన్న పుల్ల
- గళ్లున్న మూత ట్రే

స్టీలు ట్వీజర్ వాడితే అది అయస్కాంతం కాలేదని ముందు చూసుకోండి. చిన్న స్క్రూ దానికి అంటుకుని ఊడి రాకపోతే టెన్షన్ మొదలవుతుంది. హెయిర్ స్ప్రింగుకు (వెంట్రుకలా సన్నగా ఉండే చుట్ల స్ప్రింగు) అయస్కాంతం పడితే చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, వాచీ ఫాస్టుగా పరిగెడుతుంది. ఫోను, స్పీకరు బల్ల మీద పెట్టకండి.

3. బల్ల కదలకూడదు

మా ఇల్లు విజయవాడ మధురానగర్ వైపు, రైలు పట్టాలకు దగ్గర. గూడ్సు బండి వెళ్తున్నప్పుడు కెమెరా తెర మీది లైవ్ వ్యూను పది రెట్లు పెద్దది చేసి చూస్తే చక్రం పళ్లు వణుకుతూ కనబడతాయి. మనకు కాళ్ల కింద ఏమీ తెలియదు, లెన్సుకు తెలుస్తుంది. ఏలూరు రోడ్డు మీద మేడలో ఉన్నవాళ్లకు బస్సులతో ఇదే బాధ.

నేను చేసేవి ఇవి:

- రాత్రి పది దాటాక తీస్తాను. బండి చప్పుడు వినబడగానే ఆగుతాను, పోయాక పది సెకన్లు ఆగి మళ్లీ మొదలుపెడతాను.
- బల్లను గోడకు ఆనించను. గోడ కదలికంతా బల్లకు వస్తుంది.
- కెమెరా, భాగం రెండూ ఒకే పలక మీద ఉండాలి. కదిలితే రెండూ కలిసి కదులుతాయి, ఫొటోకు నష్టం తక్కువ. కెమెరా ట్రైపాడ్ నేల మీద, వాచీ బల్ల మీద ఉంటే ఫొటో పాడవడం ఖాయం.
- పలక కింద నాలుగు మూలలా మెత్తని రబ్బరు ముక్కలు.
- ఫ్యాను ఆపాలి. గాలికి బటర్ పేపరు ఊగుతుంది, దుమ్ము లేస్తుంది.

మే నెలలో ఫ్యాను లేకుండా కూర్చోవడం కష్టమే. నుదుటికి తువ్వాలు కట్టుకోండి. ఒక్క చెమట చుక్క స్టీలు భాగం మీద పడి ఆరితే తెల్లారేసరికి తుప్పు మచ్చ. గదిని ఏసీతో ముందే చల్లబరిచి, తీసేటప్పుడు ఆపేయొచ్చు. కానీ చల్లబడిన లెన్సును వెంటనే బయటి ఉక్కలోకి తేవద్దు, అద్దం మీద నీటి ఆవిరి పడుతుంది.

4. విప్పడం: ముందు కీ దించండి

వన్‌టౌన్‌లో నాకు ఈ పని నేర్పిన మెకానిక్ మాస్టారు మొదటి రోజే ఒక మాట అన్నారు: "అబ్బాయ్, కీ దించకుండా దేన్నీ ముట్టుకోకు. ముట్టుకున్నావంటే చక్రాల పళ్లు నీవి కావు." మెయిన్ స్ప్రింగులో (కీ ఇస్తే బిగిసే స్ప్రింగు) బిగువు ఉండగా పాలెట్ (ఎస్కేప్ వీలును పన్ను పన్నుకూ ఆపే లంగరు లాంటి ముక్క) తీస్తే చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరుగుతాయి. పళ్లు, ఇరుసులు దెబ్బతింటాయి.

వరుస ఇది:

1) వెనక మూత తీయండి. ఏదీ ముట్టుకోకముందే మొత్తం కనబడేలా ఒక ఫొటో తీయండి. తిరిగి సర్దేటప్పుడు అదే ఆధారం.

2) కీ ఇచ్చే గుండీని వేళ్లతో గట్టిగా పట్టుకోండి. పెద్ద పళ్ల చక్రాన్ని ఆపుతున్న చిన్న కొక్కేన్ని సన్న పుల్లతో పక్కకు నెట్టండి. గుండీని వేళ్ల మధ్య నెమ్మదిగా వెనక్కి తిరగనివ్వండి. ఒక్కసారిగా వదలకండి.

3) బ్యాలెన్స్ వీలును (అటూ ఇటూ ఊగే చక్రం) దాని పైపట్టీతో కలిపి ఎత్తండి. హెయిర్ స్ప్రింగు సాగకుండా వెంటనే ట్రేలో పెట్టండి.

4) తర్వాత పాలెట్, ఆ తర్వాత మిగతా చక్రాలు. ప్రతి అడుగుకూ ఫోనుతో ఒక ఫొటో. ట్రేలో ప్రతి గడిలో భాగం పక్కనే దాని స్క్రూ.

చిన్న స్ప్రింగులు తీసేటప్పుడు పారదర్శకమైన పాలిథిన్ కవరు లోపల చేతులు పెట్టి పని చేయండి. ఎగిరినా కవరులోనే ఉంటుంది. కవరు వాడకుండా తీసిన ఒక స్ప్రింగు కోసం నేను గది మొత్తం చీపురుతో ఊడ్చి, ఆ చెత్తను భూతద్దంతో వెతికాను. అది దొరకలేదు.

ఇదంతా చేతకాదనిపిస్తే మెకానిక్ దగ్గర విప్పించుకోండి, లేదా పనికిరాని పాత వాచీ మెషిన్లు అడిగి కొనుక్కోండి. ఫొటోకు అవి చాలు.

5. దుమ్ము: ఫొటో తీసే సమయం కంటే దీనికే ఎక్కువ పడుతుంది

కంటికి శుభ్రంగా కనబడే చక్రం 2:1లో చూస్తే బెంగ పుడుతుంది. చొక్కా నూలు పోగు పంటి మీద పడుకున్న తాడులా ఉంటుంది. ఎండిన నూనె పసుపు జిగురులా కనబడుతుంది. వేలి ముద్ర గీతలు గీతలుగా తేలుతుంది.

ఒకసారి ఫోకస్ జరుపుతూ 40 ఫ్రేములు తీసి (ఎందుకో 8లో చెబుతాను), కలిపి, చివరికి చూస్తే ఎస్కేప్ వీలు రెండు పళ్ల మధ్య ఒక పోగు. కలిపిన ఫొటోలో దాన్ని చెరపడానికి గంటన్నర పట్టింది. తీయకముందే చూసి ఉంటే పది సెకన్ల పని. అప్పటినుంచి భాగాన్ని మూడుసార్లు చూడకుండా షట్టరు నొక్కడం లేదు.

శుభ్రం చేసే పద్ధతి:

- బల్లను తడిగుడ్డతో తుడవండి, పావుగంట ఆగండి. లేచిన దుమ్ము కిందికి దిగాలి.
- భాగాన్ని గాజు మీద పెట్టి బ్లోయరుతో పక్కనుంచి ఊదండి. నోటితో ఊదకండి, ఆ తడికి తుప్పు పడుతుంది.
- పోకపోతే రోడికోను మొనగా చేసి అద్ది తీయండి. రుద్దకండి. మొన నల్లబడగానే కొత్త మొన చేయండి.
- జిడ్డు ఉన్న ఇత్తడి చక్రాలను మెకానిక్ దగ్గర కడిగించండి.
- పాలెట్‌ను, బ్యాలెన్స్‌ను స్పిరిట్‌లోగాని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లోగాని ముంచవద్దు. పాలెట్ రాళ్లను పట్టి ఉంచేది లక్క. ఆల్కహాల్‌లో లక్క కరిగిపోతుంది, రాయి ఊడిపోతుంది.
- చివరగా లైవ్ వ్యూను పెద్దది చేసి, ఒక మూల నుంచి ఇంకో మూల దాకా నెమ్మదిగా చూసుకుంటూ వెళ్లండి.

కెమెరా సెన్సారు మీద దుమ్మును కూడా మరవద్దు. ఒక్క ఫొటోలో అది చిన్న మచ్చ. 30 ఫ్రేములు కలిపితే ఆ మచ్చే వరసగా పాకి చారలా మారుతుంది.

6. లైటు: మీరు తీసేది కాగితం ఫొటో

మెరుగు పెట్టిన లోహానికి సొంత రూపం తక్కువ. దాని ఎదురుగా ఏముంటే అది అందులో కనబడుతుంది. ఎదురుగా చీకటి గది, ఒక బల్బు ఉంటే చక్రంలో నలుపు, ఒక తెల్ల చుక్క కనబడతాయి. తెల్ల కాగితం ఉంటే తెలుపు కనబడుతుంది. కాబట్టి చక్రాన్ని వెలిగించాలని చూడకండి. చక్రం చూస్తున్న కాగితాన్ని వెలిగించండి.

ఇది రాస్తున్నప్పుడు నా బల్ల మీద ఒక స్టీలు స్క్రూ ఉంది. తల వెడల్పు మిల్లీమీటరున్నర. ఎల్‌ఈడీ నేరుగా వేస్తే తల మీద ఒక చుక్క కళ్లు చెదిరేలా వెలుగుతోంది, మిగతా తల అంతా నలుపు, గాడి ఎక్కడుందో తెలియడం లేదు.

ఇప్పుడు బటర్ పేపరును గొట్టంలా చుట్టి స్క్రూ చుట్టూ నిలబెట్టాను, పైన లెన్సు చూడటానికి మాత్రం సందు. లైట్లు గొట్టం బయట. తల పాలలా తెల్లబడింది, గాడి నల్ల గీతగా తేలింది. కానీ చదునుగా ఉంది, తెల్ల కాగితం మీద గీత గీసినట్టు.

చివరగా నల్ల చార్టులోంచి సెంటీమీటరు వెడల్పు పట్టీ కోసి గొట్టం లోపల ఒక పక్క నిలబెట్టాను. తలలో ఒక వైపు బూడిద రంగు వచ్చి తెలుపులోకి మెల్లగా కలిసింది. గాడి అంచున, ఎప్పుడో ఎవరిదో స్క్రూడ్రైవరు జారిన చోట, చిన్నగా లేచిన లోహపు పొర కనబడింది. స్క్రూ ఇప్పుడు గుండ్రంగా, బరువుగా, లోహంలా ఉంది. ఆ నల్ల పట్టీ లేకుండా ఇది రాదు.

మీరు చేయాల్సిన వరుస:

1) గాజు ముక్కను రెండు అగ్గిపెట్టెల మీద పెట్టండి, కింద గ్రే కార్డు. నీడ భాగానికి అంటకుండా దూరంగా పడుతుంది.

2) బటర్ పేపరు గొట్టం నిలబెట్టండి. భాగానికి ఎంత దగ్గరగా ఉంటే వెలుగు అంత మెత్తన.

3) ఒక లైటు గొట్టానికి దగ్గరగా, రెండోది ఎదురు వైపు రెట్టింపు దూరంలో. రెండూ సమానంగా పెడితే పళ్లకు లోతు రాదు.

4) నల్ల పట్టీని గొట్టం లోపల చుట్టూ జరుపుతూ లైవ్ వ్యూలో చూడండి. అంచులు విడివిడిగా కనబడిన చోట ఆపండి.

5) కిటికీ తెర వేయండి, గదిలో ట్యూబులైటు ఆపండి. పగటి వెలుగు, ఎల్‌ఈడీ కలిస్తే ఇత్తడికి రంగు తేడా వస్తుంది.

భాగాన్ని బట్టి మార్పులు ఉంటాయి. నీలం పట్టిన స్టీలు స్క్రూలు, ముళ్లు ఎదురుగా వెలిగే కాగితం ఉంటేనే నీలంగా కనబడతాయి, లేకపోతే నల్లగా వస్తాయి. గీతల పని ఉన్న ప్లేటుకు ఒక పక్క లైటు ఆపేయండి, గీతలు లేస్తాయి. కెంపు రాళ్లకు గాజు కింద గ్రే కార్డు తీసి తెల్ల కాగితం పెట్టి, దాని మీద కాస్త వెలుగు వేస్తే లోపలి ఎరుపు బయటకు వస్తుంది.

పోలరైజర్ ఫిల్టరు కొందామా అని చాలామంది అడుగుతున్నారు. లోహం మీది మెరుపును లెన్సు ముందు పెట్టే ఫిల్టరు ఒక్కటే తగ్గించలేదు. ఆ డబ్బుకు మంచి ఎల్‌ఈడీ వస్తుంది.

7. కెమెరా సెట్టింగులు

- మాన్యువల్ మోడ్, రా ఫైలు, ఐఎస్‌ఓ 100.
- ఎపర్చరు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం): 1:1 దగ్గర ఎఫ్ 5.6, 2:1 దగ్గర ఎఫ్ 4.
- ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఆఫ్.
- రెండు సెకన్ల టైమరు లేదా రిమోటు. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే మిర్రర్ లాకప్.
- వైట్ బ్యాలెన్స్ గ్రే కార్డుతో ఒకసారి పెట్టి మళ్లీ మార్చకండి.

ఎఫ్ 16 పెడితే అంతా తేటగా వస్తుంది కదా అనుకోవద్దు. 1:1 దగ్గర అసలు ఎపర్చరు సంఖ్య రాసినదానికి రెట్టింపు. ఎఫ్ 8 అంటే ఎఫ్ 16లా, ఎఫ్ 16 అంటే ఎఫ్ 32లా పని చేస్తుంది. ఫ్రేము మొత్తం మెత్తబడిపోతుంది. నికాన్ కెమెరాలు ఈ పెరిగిన సంఖ్యనే చూపిస్తాయి, కానన్‌లో లెన్సు మీది సంఖ్యే ఉంటుంది. రెండిటినీ పోల్చుకుని గందరగోళపడకండి.

మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టరు 1/50, 1/25, 1/10 వాడితే ఫ్రేములో చారలు రావు, ఫ్రేముకూ ఫ్రేముకూ వెలుగు మారదు.

8. ఫోకస్ స్టాకింగ్ తీయడం

1:1లో ఎఫ్ 5.6 దగ్గర తేటగా ఉండే మందం అర మిల్లీమీటరు లోపే. అందుకే ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ చాలా ఫ్రేములు తీసి కలపాలి.

ముందు కెమెరా నిటారుగా ఉందో లేదో చూడండి. భాగం ఉండాల్సిన చోట అద్దం ముక్క పెట్టండి. లైవ్ వ్యూలో లెన్సు ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము మధ్యలో ఉండాలి. పక్కకు ఉంటే కెమెరా వంగి ఉన్నట్టు. ఇది సరిచేస్తే ఫ్రేముల సంఖ్య తగ్గుతుంది.

అడుగు ఎంత? 1:1, ఎఫ్ 5.6కు 0.1 మి.మీ. 2:1, ఎఫ్ 4కు 0.03 మి.మీ. దగ్గర. 3 మి.మీ. లోతున్న భాగానికి 1:1లో 30 ఫ్రేములు, ముందూ వెనకా నాలుగేసి అదనం.

మీ రెయిలు చుట్టుకు ఎంత జరుగుతుందో స్కేలు పెట్టి కొలవండి. పది చుట్లు తిప్పి, జరిగిన దూరాన్ని పదితో భాగిస్తే సరి. 2:1కు చేతితో తిప్పే రెయిలు చాలదు. కెమెరాలోని ఫోకస్ బ్రాకెటింగ్, నికాన్‌లో అయితే ఫోకస్ షిఫ్ట్, వాడండి.

భాగంలో లెన్సుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న చోటు నుంచి దూరానికి, ఒకే దిశలో వెళ్లండి. మధ్యలో వెనక్కి తిప్పితే రెయిలు మరలో ఉండే వదులు వల్ల అడుగు తప్పుతుంది. తప్పిందనిపిస్తే మొదటి నుంచి తీయండి.

బ్యాలెన్స్ కదలకుండా ఉండాలి. జనతా బ్యాలెన్స్ గంటకు 18,000 టిక్కులు, అంటే సెకనుకు 5. నడుస్తుండగా స్టాక్ తీస్తే చక్రం చేతులు నాలుగైదు కనబడతాయి. కదలికే చూపించాలంటే స్టాక్ వదిలేసి, 0.4 సెకన్ల షట్టరుతో ఒకే ఫొటో తీయండి. ఆ కాలంలో బ్యాలెన్స్ ఒకసారి వెళ్లి వస్తుంది.

షట్టరు నొక్కే ముందు:

- ఫ్యాను ఆగిందా
- కీ దిగిందా, బ్యాలెన్స్ నిలిచిందా
- అద్దం పరీక్ష అయిందా
- దుమ్ము మూడోసారి చూశామా
- తెల్లటి చోట్లలో వివరం మిగిలిందా, హిస్టోగ్రాం (వెలుగు స్థాయిలు చూపే గ్రాఫు) కుడి గోడకు తగిలిందా
- బండి వస్తున్న చప్పుడుందా

9. ఫ్రేములు కలపడం

రా ఫైళ్లన్నిటికీ ఒకే సెట్టింగు పెట్టి 16 బిట్ టిఫ్‌లుగా మార్చి, జెరీన్ స్టాకర్‌లోగాని, హెలికాన్ ఫోకస్‌లోగాని వేయండి, ఇవి ఫ్రేములు కలిపే సాఫ్ట్‌వేర్లు. ఉచితంగా కావాలంటే హ్యూగిన్‌తో వచ్చే అలైన్ పరికరం, ఎన్‌ఫ్యూజ్ చాలు.

జెరీన్‌లో పీమ్యాక్స్ అనే పద్ధతి ఒకదాని మీద ఒకటి ఉన్న పళ్లను బాగా విడదీస్తుంది, కానీ గరుకు పెంచుతుంది. డీమ్యాప్ అనే ఇంకో పద్ధతి నున్నటి ప్లేట్లకు బాగుంటుంది. నేను రెండూ చేసి, డీమ్యాప్ బొమ్మ మీద పళ్ల అంచులను మాత్రం పీమ్యాక్స్ నుంచి బ్రష్‌తో తెచ్చుకుంటాను.

10. తరచూ వచ్చే తప్పులు

అంచు చుట్టూ తెల్లటి వలయం: అడుగులు పెద్దవయ్యాయి, లేదా మధ్యలో బల్ల కదిలింది. అడుగు సగం చేసి మళ్లీ తీయండి.

మధ్యలో ఒక పట్టీ మసక: ఒక ఫ్రేము పోయింది లేదా కదిలింది. ఫ్రేములను ఒక్కొక్కటిగా తిప్పి చూడండి.

లోహం ప్లాస్టిక్‌లా ఉంది: నల్ల పట్టీ లేదు, లేదా షార్ప్‌నెస్ తగ్గించే నాయిస్ రిడక్షన్ ఎక్కువైంది.

చక్రం మధ్యలో నల్లటి గుండ్రం: అది మీ లెన్సు ప్రతిబింబం. భాగం ఒక పక్క కింద సన్న కాగితం ముక్క పెట్టి రెండు మూడు డిగ్రీలు వంచండి. ఫ్రేములు పెరుగుతాయి, ఫర్వాలేదు.

ఇత్తడి రంగు తేడాగా ఉంది: రెండు రకాల వెలుగు కలిసింది.

11. తిరిగి సర్దడం

తీసిన భాగాలను ఆ రాత్రి గాజు మీద వదిలేయకండి. కృష్ణ పక్కన మన ఊళ్లో వానాకాలం తేమకు స్టీలు త్వరగా పాడవుతుంది. మూత ట్రేలో సిలికా జెల్ సంచితో పెట్టండి. లెన్సు కూడా గాలి చొరని డబ్బాలో, 40 నుంచి 50 శాతం తేమలో ఉండాలి, లేకపోతే బూజు పడుతుంది.

మూత వేసే ముందు ట్రేలోని స్క్రూలను లెక్కపెట్టి, విప్పకముందు తీసిన మొదటి ఫొటోతోను, ఫోనులో తీసినవాటితోను సరిచూసుకోండి. ఒకటి తగ్గితే గదిలో అడుగు వేయకుండా, కూర్చున్న చోటి నుంచే టార్చిని నేలకు సమానంగా వాల్చి వేయండి. ఎంత చిన్న స్క్రూ అయినా ఆ వెలుగులో దాని నీడ పొడుగ్గా పడుతుంది.